లేదు మొర్రో అంటే లింకు పెట్టినవాళ్లు

ఫలానా లైబ్రరీ కావాలి, దొరకలేదు అని సర్వర్ చెబితే, బుద్ధున్నవాడు అదెందుకు లేదో వెతుకుతాడు. మన వీరుడు పక్కనున్న ఇంకో లైబ్రరీకి దాని పేరు తగిలించి వస్తాడు. ఎల్‌ఎన్ మైనస్ ఎస్. ఒక్క కమాండు, ఒక్క ఎంటరు. ఎర్రర్ పోయింది. టికెట్ క్లోజ్. చాయ్. ఈ నాలుగు మాటలూ ఆ చాయ్ తాగుతున్నవాడి గురించి. వాడి మేనేజర్ గురించి కూడాననుకోండి, కాకపోతే ఆయన ఇంత పొడుగు చదవడు, మూడు స్లైడ్లు చేసి పంపాలి.

నేనుండేది హైదరాబాద్ ఉప్పుగూడ. ఓల్డ్ సిటీలో సాఫ్ట్‌వేర్ వాళ్లెవరుంటారని మాదాపూర్‌లో ఒక నమ్మకం. పొద్దున పూట ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి పోయే ఎంఎంటీఎస్‌ని మా స్టేషన్‌లో ఒకసారి చూస్తే ఆ నమ్మకం పోతుంది, డబ్బా నిండా ల్యాప్‌టాప్ బ్యాగులే. ఈ పిల్లల్లో చాలామంది అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల లినక్స్ నేర్చుకొచ్చినవాళ్లు. అక్కడి లినక్స్‌లో కమాండ్లుంటాయి, ఇంటర్వ్యూ ప్రశ్నలుంటాయి, జవాబులు బట్టీ పట్టడానికి వీలుగా జిరాక్సు కాగితాల్లో ఉంటాయి. ఎర్రర్‌ని చివరిదాకా చదవడం మాత్రం సిలబస్‌లో లేదు.

అందుకే రాత్రిపూట నాకు ఇలాంటి ఫోన్లొస్తాయి.

"అన్నా, అపాచీ లేస్తలేదు."

"ఏమంటున్నది?"

"ఎర్రర్ వస్తున్నదన్నా."

"ఏం ఎర్రరో చదువు."

"శాన పెద్దగున్నదన్నా."

"పొద్దుగాల్ల దాంక నడిచింది గదా, ఏం జేసినవ్?"

"నేనేం జెయ్యలే అన్నా. కొత్త సర్వర్‌కు మార్చినం, అంతే."

శాన పెద్దగున్న ఆ ఎర్రర్ తీరా చూస్తే ఒక్క వాక్యం. ఫలానా మాడ్యూల్‌ని సర్వర్‌లోకి ఎక్కించలేకపోయాను, దానికి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 10 అనే ఫైలు కావాలట, అలాంటి ఫైలు ఇక్కడ లేదు. అంతే. ఏ కాగితం తక్కువైందో, దాని పేరేమిటో, ఎవరికి కావాలో మొదటిసారే ఇంత మర్యాదగా చెప్పే కౌంటర్ ఈ నగరంలో ఇంకెక్కడైనా ఉంటే నాకు చూపించండి, పోయి దండం పెట్టుకొస్తాను. ఇంత చెప్పినా మనవాళ్లకు అది "ఏదో ఎర్రర్".

ఇలాంటి కేసులన్నింటి వెనకా కథ ఒకటే. ఒక ఆఫీసు తన అపాచీ వెబ్ సర్వర్ కోసం సొంత మాడ్యూల్ ఒకటి చేయించుకుంటుంది, లాగిన్ తనిఖీకో, పాత డేటాబేస్‌తో మాట్లాడటానికో. చేసినవాడు ఇచ్చేది ఒక్క ఎస్‌ఓ ఫైలు. సోర్స్ ఇవ్వడు, అది వాడి వ్యాపార రహస్యమట. ఏ మెషీన్ మీద, ఏ కంపైలర్‌తో, ఏ లైబ్రరీల మీద కట్టాడో ఒక్క ముక్క రాసివ్వడు, అది రహస్యం కూడా కాదు, వాడికే గుర్తులేదు. ఏళ్లు గడుస్తాయి. కింద ఉన్న సెంటాస్ 7కి 2024 జూన్ 30తో గడువు తీరిపోయింది, ఇక సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు. ఆడిటర్ వచ్చి గీపెడితే కొత్త సర్వర్ తెస్తారు. పాత మెషీన్‌లోంచి ఆ ఎస్‌ఓ ఫైలు కాపీ కొట్టి, లోడ్‌మాడ్యూల్ లైను అతికించి, స్టార్ట్ కొడతారు. అది లేవదు. లేవనిది మాడ్యూల్, తిట్లు తినేది లినక్స్.

ఫోన్ చేసిన మా పిల్లవాడు అప్పటికే సిమ్‌లింక్ వైద్యం, అంటే మొదట్లో చెప్పిన ఆ ఎల్‌ఎన్ మైనస్ ఎస్, చేసేశాడు. కొత్త మెషీన్‌లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3, అంటే 2021 సెప్టెంబర్‌లో విడుదలైన తరం. దాని ఫైలుకే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 10 అని పేరు కట్టాడు. లోడర్ ఏమందో తెలుసా? ఫైలు దొరికింది, బాగుంది, కానీ ఇందులో 10 అనే వెర్షన్ లేదే అంది. బోర్డు మార్చావు సరే, లోపల సరుకేది నాయనా అని అడిగిందన్నమాట. ఫైలు పేరు చివర ఆ అంకె పెట్టేది అందానికి కాదు. పాత ప్రోగ్రాములతో పొత్తు కుదరనంతగా లైబ్రరీ మారినప్పుడు, రాసినవాళ్లు కావాలని మార్చే అంకె అది. నేను పాతవాణ్ని కాను, నన్ను నమ్ముకుని మోసపోవద్దు అని ఊరందరికీ వేసే దండోరా. ఆ దండోరా వినబడకుండా చెవుల్లో దూది కుక్కడమే సిమ్‌లింక్.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తన ప్రతి ఫంక్షన్ పేరు మీదా వెర్షన్ ముద్ర వేసుకుంటుంది కాబట్టి దొంగతనం గుమ్మంలోనే దొరికింది. వేరే లైబ్రరీల వాళ్లూ మన సంగతి ముందే కనిపెట్టి కాపలాలు పెట్టుకున్నారు. బొమ్మల పనిలో వాడే లిబ్‌జేపెగ్ చూడండి. మొదలయ్యే ముందే, నన్ను పిలిచినవాడు ఏ వెర్షన్ కొలతలతో వచ్చాడని చూస్తుంది. తేడా ఉంటే, "లైబ్రరీ 80, పిలిచినవాడు అనుకున్నది 62" అని మొహమ్మీదే చెప్పి ఆగిపోతుంది. అపాచీ కూడా అంతే. తన కోసం కట్టిన ప్రతి మాడ్యూల్‌లో ఒక అంకె దాస్తుంది, 2.4 వరసకు 20120211, అంతకుముందు 2.2కి 20051115. పక్కనే ఏపీ24 అని నాలుగక్షరాల గుర్తు కూడా. అంకె కలవకపోతే గుమ్మం దాటనివ్వదు. ఈ కాపలాలు పెట్టినవాళ్లెవరూ ఉప్పుగూడ చూడలేదు, మాదాపూర్ చూడలేదు. మనిషి బుద్ధి మాత్రం బాగా చూశారు.

అసలు ప్రమాదం కాపలా లేని చోట. అలాంటి లైబ్రరీకి దొంగ పేరు కడితే లోడర్ కిక్కురుమనదు. ఎక్కిస్తుంది. మాడ్యూల్ పాత కొలతల ప్రకారం ఇరవై నాలుగో బైటులో పొడవు ఉందనుకుంటుంది, కొత్త లైబ్రరీ అక్కడ అడ్రస్ పెట్టి ఉంటుంది. ఆ అడ్రస్‌ని పొడవనుకుని మెమరీ కాపీ చేయడం మొదలెడితే ఇంకేముంది, సెగ్మెంటేషన్ ఫాల్ట్, సిగ్నల్ 11. అదైనా అప్పటికప్పుడు పడుతుందా? పడదు. ఏదో ఒక ప్రత్యేకమైన రిక్వెస్ట్ వచ్చినప్పుడు, ఎక్కడో సంబంధం లేని ఫంక్షన్‌లో పడుతుంది.

ఇక్కడ అపాచీ మంచితనమే మన కొంప ముంచుతుంది. ఒక చైల్డ్ ప్రాసెస్ చస్తే, తల్లి ప్రాసెస్ లాగ్‌లో ఒక్క ముక్క రాసి, వెంటనే ఇంకో చైల్డ్‌ని పుట్టిస్తుంది. సైట్ "పడిపోదు". ఎక్కడో ఒక యూజర్‌కి తెల్ల పేజీ వస్తుంది, రిఫ్రెష్ కొడతాడు, పని అవుతుంది, మన ఇంటర్నెట్టే బాగోలేదనుకుంటాడు. లాగ్‌లో మాత్రం చైల్డ్ ఫలానా నంబరు, సిగ్నల్ 11 అన్న లైను మీద లైను, మీద లైను. ఎవరైనా చదివితే కదా! మానిటరింగ్ తెర మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. నెలాఖరు రిపోర్టులో అప్‌టైమ్ నూటికి తొంభైతొమ్మిది పాయింట్ తొమ్మిది. అందరికీ అభినందనలు.

ఇంకో ఎర్రర్ జాతి ఉంది, అన్‌డిఫైన్డ్ సింబల్. దీన్ని అర్థం చేసుకోవడానికి ఓల్డ్ సిటీవాళ్లకు ఏ కోర్సూ అక్కర్లేదు. ప్రోగ్రాంలో హెడర్ ఫైలు అని ఒకటుంటుంది. ఫలానా ఫంక్షన్ ఉంది, ఇలా పిలవాలి అని ప్రకటన మాత్రమే అందులో ఉంటుంది. కంపైలర్ ఆ ప్రకటన చదివి, నమ్మేసి, సరే అంటుంది. ఆ ఫంక్షన్‌కి ఒళ్లు ఎక్కడో ఒక లైబ్రరీలో ఉండాలి, ఉందో లేదో తేలేది నడిపించేటప్పుడే. ఇక మెట్రో సంగతికి రండి. కారిడార్ 2 అంటే జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా అని మ్యాపులో ఉంది, ప్లానులో ఉంది, ఉపన్యాసాల్లో ఉంది. 2020 ఫిబ్రవరి 7న రైలు ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. మిగతా ఐదున్నర కిలోమీటర్లు? డిక్లేర్ అయింది, డిఫైన్ కాలేదు. 2024 మార్చి 8న ఈసారి చాంద్రాయణగుట్ట దాకా, ఏడున్నర కిలోమీటర్లకు శంకుస్థాపన చేశారు. హెడర్ ఫైలుకి కొత్త వెర్షన్ వచ్చిందన్నమాట. మా వాళ్లు మాత్రం ఇంకా ఎంఎంటీఎస్‌లోనే లింకవుతున్నారు.

మాడ్యూల్ చేసిన పెద్దమనిషి కూడా ఇలాంటి శంకుస్థాపన బాపతే. ఎస్‌ఓ ఫైలు కట్టేటప్పుడు, లేని సింబల్స్ ఉన్నా లింకర్ డిఫాల్టుగా ఊరుకుంటుంది, తర్వాత ఎవరో ఇస్తారులే అనుకుంటుంది. నో-అన్‌డిఫైన్డ్ అనే ఒక్క ఆప్షన్ ఇస్తే చాలు, సర్వర్ తనంతట తాను ఇచ్చే పేర్లను విడిగా తేల్చుకుని, మిగతా లోటంతా వాడి టేబుల్ మీదే, వాడి కళ్ల ముందే బయటపడేది. ఇవ్వడు. ఇస్తే బిల్డ్ ఆగుతుంది, బిల్డ్ ఆగితే బిల్లు ఆగుతుంది.

మొత్తానికి ఈ కేసులో అరిచి గీపెట్టగా, మాడ్యూల్‌ని కొత్త మెషీన్‌కి తగ్గట్టు మళ్లీ కట్టి పంపారు. మాడ్యూల్‌ని మాత్రమే. అది ఆధారపడే ఇంకో సొంత లైబ్రరీని, ఎవరో సబ్ కాంట్రాక్టర్ చేసిందట, పాతదే ఉంచేశారు. దాంతో అండర్‌స్కోర్, పెద్ద జెడ్‌తో మొదలై, తెర రెండో వరసలోకి పోయే పొడవున్న సింబల్ ఒకటి లేదని లోడర్ చెప్పింది. పిల్లవాడు, "అన్నా, వైరసా?" అని అడిగాడు. వైరస్ కాదు నాయనా, సీ ప్లస్‌ప్లస్. ఫంక్షన్ పేరులోకే దాని ఆర్గ్యుమెంట్ల రకాలన్నీ కుట్టేస్తుంది. సీ ప్లస్‌ప్లస్ ఫిల్ట్ అనే చిన్న టూల్‌లో పడేస్తే మనుషుల భాషలోకి విప్పుతుంది. విప్పాం. యూజర్ పేరును స్ట్రింగ్‌గా తీసుకునే మామూలు ఫంక్షన్. పాత లైబ్రరీ మీద ఎన్‌ఎమ్ మైనస్ డీ నడిపాం. అదే ఫంక్షన్ అక్కడా ఉంది! అదే పేరు, అదే పని. తేడా ఒక్కచోటే: పాతదాంట్లో స్ట్రింగ్ అన్నచోట పెద్ద ఎస్, చిన్న ఎస్ అని రెండే అక్షరాలు, కొత్తది అడిగేదాంట్లో ఆ రెండక్షరాల బదులు సీఎక్స్ఎక్స్11 అన్న ముక్క ఉన్న బారెడు పేరు.

2015లో వచ్చిన జీసీసీ 5 నుంచి స్ట్రింగ్ లోపలి నిర్మాణం మారింది. పాతదీ కొత్తదీ కలిసి కొట్టుకోకుండా పేరులోనే తేడా పెట్టారు. సెంటాస్ 7 కంపైలర్ 4.8, పాత స్ట్రింగే దానికి తెలుసు. ఆ పేరు మార్చకపోయి ఉంటే లోడర్ సంతోషంగా రెండింటినీ కలిపేసేది, యూజర్ పేరు బదులు చెత్త చదివి, లాగిన్ మాడ్యూల్ ఎవరిని లోపలికి రానిచ్చేదో దేవుడికెరుక. మా స్టేషన్ ఇంగ్లీషు స్పెల్లింగు ముందు రైల్వేవాళ్లు ఒక హెచ్ తగిలించినా మేం సరిగ్గానే దిగిపోతున్నాం, మనుషులం కాబట్టి సర్దుకుంటాం. లోడర్ సర్దుకోదు. అది సర్దుకోకపోవడం వల్లే మీ పాస్‌వర్డులు ఇంకా మీవి.

దీనికి మందు ఆ పాత లైబ్రరీని కూడా అదే కంపైలర్‌తో మళ్లీ కట్టడం. సోర్స్ ఉంటే గంట పని. సోర్స్ లేదు కాబట్టి మీటింగులు. ఆ మీటింగుల్లో మాడ్యూల్‌వాడు లైబ్రరీవాడి మీద, లైబ్రరీవాడు ఆపరేటింగ్ సిస్టం మీద, ఆపరేటింగ్ సిస్టంవాళ్లు మాడ్యూల్‌వాడి మీద వేలు చూపిస్తూ ఒక సర్కిల్ పూర్తిచేశారు. మధ్యలో ఆ అమర వాక్యం: "మా మెషీన్‌లో నడుస్తోంది కదండీ!" స్క్రీన్‌షాట్ సాక్ష్యం. మీ మెషీన్‌లో నడవక చస్తుందా? అది పుట్టిందే అక్కడ కదా. మరి మీ మెషీన్‌నే ఊడబెరికి మాకు ఇచ్చెయ్యండి అంటే కోపం. ఈమధ్య దానికీ సిద్ధపడ్డారు. పాత సెంటాస్‌ని యథాతథంగా కంటెయినర్‌లో కుక్కి, గడువు తీరిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో సహా ఇంటర్నెట్ ముందు నిలబెట్టి, దానికి మోడర్నైజేషన్ అని పేరు పెడుతున్నారు. ఆడిటర్ కంటెయినర్ లోపలికి తొంగి చూడడని గట్టి ధీమా.

లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్ భక్తుల గురించి ఎక్కువ చెప్పను. తన బాష్‌ఆర్‌సీలో పాత్ పెట్టుకుంటాడు, చేత్తో నడిపితే నడుస్తుంది, సిస్టమ్‌డీ నడిపితే చస్తుంది. సిస్టమ్‌డీ మీ బాష్‌ఆర్‌సీ చదవదు, సుడో ఆ వేరియబుల్‌ని గుమ్మం బయటే వదిలేసి వస్తుంది. అది తెలియక 777 పర్మిషన్లు, అదీ కాకపోతే ఎస్‌ఈలినక్స్ ఆఫ్. తాళం సరిగ్గా పడటం లేదని తలుపే పీకేసిన ఘనులు!

సింబల్ లేకపోవడం ఒక తలనొప్పి అయితే, ఒకే సింబల్ రెండు చోట్ల ఉండటం అంతకు మించిన తలనొప్పి. అపాచీ మాడ్యూళ్లను ఎక్కించేటప్పుడు వాటి పేర్లన్నీ అందరికీ కనబడేలా గ్లోబల్‌గా ఎక్కిస్తుంది. పేరు కోసం వెతికేవాడికి ముందు ఎవరు కనబడితే వాళ్లే దొరుకుతారు. అపాచీ 1.3 రోజుల్లో దీనికి పెద్ద ఉదాహరణ ఒకటుండేది. అపాచీ తనలో ఎక్స్‌పాట్ అనే ఎక్స్ఎంఎల్ లైబ్రరీని దాచుకునేది. మాడ్‌పెర్ల్ ద్వారా వచ్చే పెర్ల్ ఎక్స్ఎంఎల్ పార్సర్ తన ఎక్స్‌పాట్‌ని తాను తెచ్చుకునేది. పేర్లు ఒకటే, లోపలి కొలతలు వేరు. పార్సర్ తన ఫంక్షన్‌ని పిలిస్తే పలికేది అపాచీ లోపలి ఫంక్షన్, ప్రాసెస్ ఢమాల్. పెర్ల్‌వాళ్లు తమ కోడంతా గాలించినా తప్పు దొరకదు, ఎందుకంటే అక్కడ తప్పు లేదు. జీడీబీలో బ్యాక్‌ట్రేస్ తీసి, ఆ ఫంక్షన్ ఏ ఫైలుకి చెందిందో చూసినవాడికే దొరికింది. అపాచీని ఎక్స్‌పాట్ లేకుండా మళ్లీ కడితే తీరింది. మన దగ్గరైతే కొత్త ర్యామ్ కొనమని ప్రపోజల్ పెట్టేవాళ్లు.

ఎవడి వెంట ఎవడొస్తున్నాడో చూడకపోవడం సోమరితనం మాత్రమే అనుకున్న రోజులు 2024 మార్చి 29తో పోయాయి. ఆ రోజు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఒక సంగతి బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ దాదాపు అరసెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టి ఉన్నారు. అసలు ఎస్‌ఎస్‌హెచ్‌కి ఆ లైబ్రరీతో సంబంధమే లేదు. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు సిస్టమ్‌డీతో మాట్లాడటానికి ఎస్‌ఎస్‌హెచ్‌కి ఒక ప్యాచ్ వేశాయి, ఆ ప్యాచ్ సిస్టమ్‌డీ లైబ్రరీని తెచ్చింది, ఆ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ వచ్చింది. అరసెకను! మన ఆఫీసుల్లో పేజీ తెరుచుకోవడానికి అర నిమిషం పట్టినా, సర్వర్ బిజీగా ఉందండి అంటారు. ఆ మనిషి అరసెకనుకి జవాబు అడిగాడు.

కాబట్టి తమ్ముళ్లూ, ఫోన్ చెయ్యండి, వద్దనను. చేసే ముందు ఎర్రర్ లైను మొత్తం చదవండి, కామా తర్వాత ఉన్నది కూడా. రీడ్‌ఎల్ఫ్ మైనస్ డీ కొట్టి ఆ ఎస్‌ఓ ఏయే లైబ్రరీలు అడుగుతోందో రాసుకోండి. ఎల్‌డీడీ మైనస్ ఆర్ కొడితే దొరకని పేర్ల చిట్టా మొత్తం ఇస్తుంది, కాకపోతే నమ్మకం లేని ఫైలు మీద ఎల్‌డీడీ నడపొద్దు, కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైలునే నడిపిస్తుంది. క్రాష్ అవుతుంటే అపాచీని మైనస్ పెద్ద ఎక్స్‌తో ఒకే ప్రాసెస్‌గా జీడీబీ కింద నడిపి బ్యాక్‌ట్రేస్ తీయండి. ఇవన్నీ తెచ్చాక మాట్లాడుకుందాం, చాయ్ నాది.

ఇక పెద్దలకు. మా పిల్లవాడి కంపెనీలో ఈ కేసు మీద రూట్ కాజ్ రిపోర్ట్ రాశారు. మూల కారణం: "కొత్త సర్వర్‌లో లైబ్రరీ సమస్య." నివారణ చర్య: "భవిష్యత్తులో సర్వర్ అప్‌డేట్ చేయకుండా ఉండుట." సంతకాలు నాలుగు. ఆ మాడ్యూల్‌వాడికే మళ్లీ మెయింటెనెన్స్ కాంట్రాక్టు. కొత్త టెండర్‌లోనైనా ఒక్క షరతు పెట్టండి, సోర్స్ కోడ్, బిల్డ్ చేసే పద్ధతి, కంపైలర్ వెర్షన్, లైబ్రరీల జాబితా చేతికిస్తేనే చివరి బిల్లు అని రాయండి అన్నాను. అక్కడున్న ఒక పెద్దాయన ఆప్యాయంగా భుజం తట్టి, "మీరు చెప్పింది బాగానే ఉంది గానీ, అట్ల పెడితే తక్కువ రేటుకొచ్చే ఎల్1 పారిపోతడండీ" అన్నారు.

పారిపోనియ్యండి సార్. అడ్డమొస్తే నేను తప్పుకుంటాను.